నూనెలో మునగని ఉల్లి చక్రాలు

రంజాన్ నెలలో అసర్ నమాజు చేసుకొని మసీదు మెట్లు దిగుతుంటే, ఏ ఇంట్లో ఏం వేగుతోందో ముక్కే చెప్పేస్తుంది. ఒక ఇంటి నుంచి సమోసా, ఇంకో ఇంటి నుంచి మిరపకాయ బజ్జీ, నాలుగిళ్లలో మూడిళ్ల నుంచి ఉల్లి పకోడీ. తెల్లవారుజాము నుంచి మంచినీళ్లు కూడా ముట్టని మనిషికి ఆ వాసన ఎంత ప్రీతికరమో చెప్పనక్కరలేదు. అయితే ఆ వాసన పుట్టే చోట, కాగుతున్న నూనె ముందు నిలబడిన ఇల్లాలు కూడా మనలాగే రోజాతో ఉన్నదన్న సంగతి మనలో ఎంతమందికి గుర్తుంటుంది?

ఇఫ్తార్‌కు ముందున్న ఘడియలు దుఆకు ఎంతో విలువైనవని ప్రతి సంవత్సరం వింటూనే ఉంటాం. ఆ ఘడియల్లో మగవాళ్లం దస్తర్‌ఖాన్ ముందు కూర్చొని చేతులెత్తుతాం. ఇంటి ఆడవాళ్ల చేతుల్లో మాత్రం అప్పుడు జల్లిగరిటె ఉంటుంది. "ఈ ఒక్క వాయి తీసి వస్తాను" అంటుండగానే అజాన్ వినిపిస్తుంది. చెమట తుడుచుకొంటూ వచ్చి, ఒక ఖర్జూరం నోట్లో వేసుకొని, మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్తుంది.

ఈ వారం ఉల్లి చక్రాలను నూనెలో దేవకుండా, ఓవెన్‌లో కరకరలాడేటట్టు కాల్చుకొనే పద్ధతి గురించి చెప్పుకొందాం. వినడానికి ఇది చాలా చిన్న విషయం. కానీ ఇంటి ఆరోగ్యం, ఇంటి ఖర్చు, ఇంటి ఆడవాళ్ల సమయం మూడూ దీనితో ముడిపడి ఉన్నాయి.

పారబోయాలా, మళ్లీ కాచాలా?

పకోడీ అయినా, చక్రాలైనా నూనెలో వేయించాలంటే కడాయిలో అర లీటరు నూనె పోయక తప్పదు. వేయించడం అయిపోయాక అందులో చాలా భాగం కడాయిలోనే మిగులుతుంది. దాన్ని వడగట్టి ఒక గిన్నెలో పోసి మూత పెడతాం. మర్నాడు దాని మీద మరికొంత కొత్త నూనె పోసి మళ్లీ కాస్తాం. వారం తిరిగేసరికి ఆ గిన్నెలోని నూనె టీ డికాక్షన్ రంగులోకి వస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక రంజాన్‌లో మా ఇంటావిడ ఆ గిన్నె నా ముందు పెట్టి ఒక ప్రశ్న అడిగింది. ఆమెకు అప్పటికే రక్తపోటు ఉంది, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టరు మందులు కూడా రాశాడు.

"పిల్లలకు ఇస్రాఫ్ గురించి పాఠం చెబుతారు కదా. ఈ నూనె పారబోస్తే ఇస్రాఫ్ అంటారు. మళ్లీ కాచి వాడితే డాక్టరు ఒప్పుకోడు. ఈ రెండింటిలో ఏది చేయమంటారో మీరే చెప్పండి."

ఇస్రాఫ్ అంటే దుబారా, ఉన్నదాన్ని అవసరానికి మించి వృథా చేయడం. పాతికేళ్లుగా పిల్లలకు ఆ మాటకు అర్థం చెబుతున్న నాకు ఆ పూట సమాధానం తోచలేదు.

డాక్టరు మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. నూనెను పదేపదే కాచినప్పుడు అది గాలిలోని ప్రాణవాయువుతో, తిండిలోని నీటితో కలిసి విరిగిపోతుంది. అలా పుట్టే చెడు పదార్థాలు ఒక హద్దు దాటితే నూనె వంటకు పనికిరాదు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి ఈ హద్దును 25 శాతంగా నిర్ణయించి అమల్లోకి తెచ్చింది. ఆ పదార్థాలను 'పోలార్ పదార్థాలు' అంటారు. హోటళ్లలో వాటిని కొలిచే పరికరం పెట్టుకోవచ్చు. మన వంటింట్లో కొలిచేది ఎవరు? కళ్లు, ముక్కే మనకు ఆధారం. నూనె నల్లబడినా, చిక్కబడినా, కాచగానే నురుగు కట్టినా, మునుపటి కంటే ముందే పొగ వచ్చినా దాని పని అయిపోయిందని గ్రహించాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒకసారి కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచి వాడవద్దని ప్రజలకు హితవు చెబుతూ వస్తోంది.

మా ఇంటావిడ ప్రశ్నకు జవాబు చివరికి ఆమె వంటింట్లోనే దొరికింది. నూనె మిగలకుండా వండుకొంటే ఆ ప్రశ్నే రాదు.

భట్టీ మనకు కొత్త కాదు

ఓవెన్ అనగానే అది మన ఇళ్లకు సంబంధించిన వస్తువు కాదన్న భావన ఇప్పటికీ కొందరిలో ఉంది. ఇది సరికాదు. నాన్ రొట్టెను కాల్చే తందూరు ఓవెనే. అరబ్బీలో దానిని తన్నూర్ అంటారు. బిర్యానీ గిన్నె మూతకు పిండి అతికి, మూత మీద నిప్పులు పోసి 'దమ్' పెట్టడంలోనూ సూత్రం ఒక్కటే. కింద, పైన వేడి ఉండాలి, పదార్థం మధ్యలో ఉండాలి. హైదరాబాద్‌లో ముహర్రం రోజుల్లో అమ్మే 'దమ్ కే రోట్' బేకరీ భట్టీలో కాలినవే.

మా చిన్నప్పుడు పండుగ దగ్గర పడితే అమ్మీ మైదా, చక్కెర, నెయ్యి కలిపి బిస్కెట్లు ఒత్తి పళ్లెంలో పేర్చేది. ఆ పళ్లెం నెత్తిన పెట్టుకొని వీధి చివరి బేకరీకి మోసుకెళ్లడం మా పని. బ్రెడ్డు కాల్చడం అయిపోయాక భట్టీలో మిగిలిన వేడి మీద బేకరీ ఆయన మా పళ్లెం పెట్టేవాడు. ఆ భట్టీయే ఇప్పుడు చిన్న పెట్టె రూపంలో ఇంట్లోకి వచ్చింది. దానినే ఓటీజీ అంటున్నాం. నూనె లేకుండా వేయిస్తుందని ప్రచారం పొందిన 'ఎయిర్ ఫ్రయర్' కూడా పంకా బిగించిన చిన్న ఓవెనే. ఫిలిప్స్ సంస్థ 2010లో దానిని మార్కెట్‌లోకి తెచ్చింది.

ఉల్లి చక్రాల సంగతి

ఉల్లిని అరబ్బీలో బసల్ అంటారు, ఉర్దూలో ప్యాజ్. మన తెలుగులోనే ఒక్కో చోట ఉల్లిగడ్డ, ఎర్రగడ్డ, నీరుల్లి అని పిలుచుకొంటాం. ఖుర్ఆన్‌లో సూరయె బఖరాలో బనీ ఇస్రాయీల్ ప్రజలు హజ్రత్ మూసా అలైహిస్సలాంను కోరిన తిండి పదార్థాల్లో ఉల్లి కూడా ఉంది. ఇంత పాత పంటను గుండ్రంగా కోసి, పిండి పట్టించి తినే అలవాటు మాత్రం మనకు పాశ్చాత్య దేశాల నుంచి వచ్చింది. జాన్ మొల్లార్డ్ అనే ఆంగ్లేయ వంటవాడు 1802లో ప్రచురించిన పుస్తకంలో ఇలాంటి వంటకం కనిపిస్తుంది. ఉల్లిని అరంగుళం మందాన కోసి, మైదా, మీగడ, జున్ను కలిపిన పిండిలో ముంచి వేయించమన్నాడు. అయితే ఆయన వేయించమన్నది పంది కొవ్వులో!

ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో చదువుకొంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు హోటళ్లలో 'ఆనియన్ రింగ్స్' చూసి, ఉల్లిగడ్డే కదా అని ఆలోచించకుండా తినేస్తుంటారు. ఆ దేశాల్లో వాటి పిండిని బీరుతో కలపడం సర్వసాధారణం. వేయించే కొవ్వు ఏమిటన్నదీ అడిగి తెలుసుకోవలసిందే. ఇంట్లో చేసుకొంటే ఆ సందేహాలకు తావే ఉండదు.

మొదటి రోజు ఎందుకు చెడిపోయాయి?

మా అమ్మాయి తన జీతంలోంచి ఓవెన్ కొని పంపినప్పుడు ఇంట్లో అందరం సంతోషించాం. మొదటి రోజు మా ఇంటావిడ పకోడీకి కలిపినట్టే శనగపిండి జారుగా కలిపి, ఉల్లి చక్రాలను అందులో ముంచి, నేరుగా పళ్లెంలో పరిచింది. పిండి అంతా కిందికి కారి మడుగు కట్టింది. అడుగు మాడింది, పైభాగం పచ్చిగానే ఉంది. మొత్తం అంటుకుపోయి చాకుతో గీకవలసి వచ్చింది. "మీ అమ్మాయి పంపిన పెట్టె బిస్కెట్లకే పనికొస్తుంది" అని తీర్పు చెప్పేసింది.

తప్పు ఓవెన్‌ది కాదు, ఆమెదీ కాదు. నూనెకూ గాలికీ ఉన్న తేడా మాకు అప్పుడు తెలియదు. 200 డిగ్రీల ఓవెన్‌లో ఒక్క క్షణం చెయ్యి పెట్టి తీస్తే వేడి తగులుతుంది కానీ బొబ్బ రాదు. 180 డిగ్రీల నూనె ఒక్క చుక్క పడితే బొబ్బ లేస్తుంది. నూనె తన వేడిని వెంటనే ఇచ్చేస్తుంది, గాలి నెమ్మదిగా ఇస్తుంది. జారు పిండి నూనెలో పడగానే నాలుగు వైపుల నుంచి వేడి తగిలి గట్టిపడుతుంది. ఓవెన్‌లో గట్టిపడే లోపే కారిపోతుంది.

రెండో సంగతి నీరు. ఉల్లిగడ్డ బరువులో 100 గ్రాములకు దాదాపు 89 గ్రాములు నీరే. వేడి తగలగానే ఆ నీరు ఆవిరై బయటికి వస్తుంది. అది పోవడానికి దారి లేకపోతే పైనున్న పొరను తడిపి మెత్తబరుస్తుంది.

మూడోది రంగు. తినే పదార్థం మీద బంగారు రంగు, ఆ కమ్మని వాసన రావాలంటే పైపొర వేడి సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఫ్రాన్స్ దేశపు రసాయన శాస్త్రవేత్త లూయీ కామీ మయ్యార్ 1912లో ఈ మార్పును వివరించాడు. పైపొరలో తడి ఉన్నంత సేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, అందువల్ల రంగు రాదు.

కాబట్టి ఓవెన్‌లో చేయాలంటే మూడు పనులు చేయాలి. జారు పిండి బదులు పొడి పూత వేయాలి. ఆవిరి పోవడానికి దారి ఇవ్వాలి. రంగు ముందే తెచ్చుకోవాలి. ఈ మూడూ తెలిశాక మా ఇంట్లో చక్రాలు చెడిపోలేదు.

కావలసినవి

నలుగురైదుగురికి సరిపోయే కొలతలు ఇవి. రోజాతో ఉండి రుచి చూస్తూ వండడం కుదరదు కనుక చెంచా కొలతలను పాటించడం మంచిది.

పెద్ద ఉల్లిగడ్డలు మూడు, అంటే సుమారు 400 గ్రాములు. ఒక గ్లాసు పలుచని మజ్జిగ. మైదా లేక గోధుమపిండి నాలుగు పెద్ద చెంచాలు, బియ్యపు పిండి రెండు పెద్ద చెంచాలు. కోడిగుడ్లు రెండు. నిన్నటి బ్రెడ్డు ముక్కలు ఆరు. నూనె రెండు పెద్ద చెంచాలు. కారం అర చెంచా, మిరియాల పొడి అర చెంచా, పసుపు చిటికెడు, ఉప్పు మొత్తం కలిపి ఒక చిన్న చెంచా.

ఉల్లి ఎంపికలో కొంచెం జాగ్రత్త అవసరం. వానాకాలం పంటలో తేమ ఎక్కువ. యాసంగి పంటగా పండి ఎండాకాలంలో చేతికొచ్చిన గడ్డ బాగా ఆరి, పైపొర గలగలలాడుతూ ఉంటుంది. చక్రాలకు అదే శ్రేష్ఠం. మెడ దగ్గర నొక్కితే మెత్తగా ఉన్నవి, మొలక వచ్చినవి కూరకు వాడుకోవాలి.

చేసే విధానం

జుహర్ తర్వాత చేసుకోదగిన పని: బ్రెడ్డు ముక్కలను ఎండలో ఆరబెట్టి చేత్తో నలిపి పొడి చేయాలి. మరీ మెత్తని పిండిగా కాకుండా రవ్వలా ఉండాలి. కడాయిలో ఈ పొడి వేసి, రెండు చెంచాల నూనె దాని మీద చల్లి, సన్నని మంట మీద నాలుగైదు నిమిషాలు కలుపుతూ లేత బంగారు రంగు వచ్చే దాకా వేయించాలి. మొత్తం వంటకంలో వాడే నూనె ఇంతే. రంగును ముందే తెచ్చుకోవడం అంటే ఇదే. పొడి చల్లారాక డబ్బాలో పోసుకొంటే మూడు నాలుగు రోజులు నిలువ ఉంటుంది. రస్కులతో చేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. రస్కుల్లో చక్కెర ఉంటుంది, త్వరగా మాడుతుంది. తీపి లేని బ్రెడ్డే మేలు.

అసర్ తర్వాత: ఉల్లిని చిటికెన వేలి మందాన గుండ్రంగా కోసి, చక్రాలను విడదీయాలి. లోపలి వైపు అంటుకొని ఉండే పల్చని పొరను గోటితో లాగేయాలి. ఆ పొర ఉంటే పూత నిలవక జారిపోతుంది. మధ్యలో మిగిలే చిన్న ముక్కలు రేపటి కూరకు ఉంచుకోవచ్చు. చక్రాలను అర చెంచా ఉప్పు కలిపిన మజ్జిగలో అరగంట నానబెట్టాలి. దీనివల్ల ఉల్లి ఘాటు తగ్గుతుంది, లోపలి దాకా ఉప్పు పడుతుంది. తర్వాత తీసి శుభ్రమైన గుడ్డ మీద పరిచి తడి లేకుండా అద్దాలి.

ఇఫ్తార్‌కు ముప్పావు గంట ముందు ఓవెన్‌లో పై కడ్డీ, కింది కడ్డీ రెండూ వెలిగించి 220 డిగ్రీలకు పెట్టాలి. పళ్లెం, దాని మీద ఇనుప జాలీ కూడా లోపలే వేడెక్కనివ్వాలి. చక్రాలు పళ్లానికి తగలకుండా జాలీ మీద ఉంటే ఆవిరి కింది నుంచి కూడా పోతుంది. జాలీకి ఒక చుక్క నూనె రుద్దితే అంటుకోదు.

ఇది వేడెక్కే లోపు మూడు గిన్నెలు వరుసగా పెట్టుకోవాలి. మొదటి దానిలో పిండి రెండు రకాలు, కారం, పసుపు, మిరియాల పొడి. రెండో దానిలో పావు చెంచా ఉప్పు వేసి గిలకొట్టిన గుడ్లు. మూడో దానిలో వేయించిన బ్రెడ్డు పొడి, మిగిలిన పావు చెంచా ఉప్పు. చక్రాన్ని ముందు పిండిలో దొర్లించి దులపాలి, తర్వాత గుడ్డులో ముంచి కారనివ్వాలి, చివరికి పొడిలో వేసి పైన అద్దాలి. పిండి ఉల్లి తడిని పీల్చుకొంటుంది, గుడ్డు జిగురులా పట్టి ఉంచుతుంది, పొడి కరకరలాడుతుంది. ఒక చెయ్యి తడి పనికి, రెండో చెయ్యి పొడి పనికి కేటాయించుకొంటే వేళ్లకు ముద్దలు కట్టవు. గుడ్డు పడనివాళ్లు చిక్కని పెరుగు వాడుకోవచ్చు.

చక్రాలను జాలీ మీద ఒకదానికొకటి తగలకుండా పేర్చి తలుపు మూయాలి. పది నిమిషాలకు తిప్పాలి. మరో ఆరు నుంచి ఎనిమిది నిమిషాల్లో తయారవుతాయి. ఓవెన్‌ను బట్టి రెండు మూడు నిమిషాలు అటూ ఇటూ కావచ్చు. పళ్లెం పట్టుకొనే గుడ్డ పొడిగా ఉండాలి. తడిగుడ్డ వేడిని ఇట్టే చేతికి అందిస్తుంది.

తీసిన చక్రాలను కుప్పగా పోయకూడదు. కుప్ప పోస్తే లోపలి ఆవిరితో మెత్తబడతాయి. జాలీ మీదే ఉంచి దస్తర్‌ఖాన్ మీదికి తేవాలి, పది నిమిషాల్లో తినేయాలి. మిగిలిన గుడ్డు, పిండి, పొడి కలిపి చిన్న బిళ్లలుగా ఒత్తి అదే జాలీ మూలన కాల్చుకొంటే అవి కూడా వృథా కావు. నానబెట్టిన మజ్జిగతో రొట్టెల పిండి తడుపుకోవచ్చు.

ఇంకో మాట. వేయించిన వాటిని పాత దినపత్రికల మీద పోసి నూనె పీల్పించడం మన ఇళ్లల్లో అలవాటు. అచ్చు సిరా తిండిలోకి దిగుతుంది కనుక ఇలా చేయవద్దని ఆహార భద్రత సంస్థ 2016లోనూ, మళ్లీ 2023లోనూ హెచ్చరించింది. పైగా ఈ శుక్రవారం పేజీ మీద అల్లాహ్ నామం కూడా ఉంటుంది. పేజీని చదివి భద్రపరచండి, దాని మీద పకోడీలు మాత్రం పోయకండి.

వాసన విషయం

పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని ఆ వాసనతో మసీదుకు రావద్దన్న దైవప్రవక్త (సల్లం) ఆదేశం మనందరికీ తెలిసిందే. తినాలనుకొంటే ఉడికించి వాసన పోగొట్టుకొమ్మన్న సూచన కూడా హదీసు గ్రంథాల్లో ఉంది. ఇఫ్తార్ కాగానే మగ్రిబ్ జమాత్‌కు వెళ్లే మనకు ఇది ముఖ్యమైన విషయం. ఉల్లిని కోసినప్పుడు దానిలోని ఎంజైములు పని మొదలుపెట్టి ఘాటు వాయువును పుట్టిస్తాయి. కన్నీళ్లు తెప్పించేది అదే. వేడికి ఆ ఎంజైములు నశిస్తాయి. అందుకే బాగా కాలిన ఉల్లి తియ్యగా ఉంటుంది, ఘాటు వాసన రాదు. మరీ మందంగా కోస్తే పైన రంగు వచ్చినా లోపల సగం పచ్చిగా ఉండిపోతుంది, వాసనా మిగులుతుంది. చిటికెన వేలి మందం దాటవద్దని చెప్పడానికి ఇది కూడా ఒక కారణం.

కొన్ని సందేహాలు

ఎంత నూనె ఆదా అవుతుందని అడుగుతారు. లెక్క సులభం. రెండు పెద్ద చెంచాల నూనె అంటే సుమారు 28 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున దాదాపు 250 కేలరీలు. నలుగురు తింటే ఒక్కొక్కరికి 60 పైచిలుకు. కడాయిలో అర లీటరు పోయనక్కరలేదు, మిగిలింది దాచనక్కరలేదు.

కరెంటు మాటేమిటి? 1,500 వాట్ల ఓవెన్ అరగంట ఆపకుండా పనిచేసినా ముప్పావు యూనిట్టుకు మించదు. అయితే దానిని పెద్ద ప్లగ్గుకే తగిలించాలి.

మైక్రోవేవ్‌లో చేయవచ్చా? మామూలు మైక్రోవేవ్ ప్రధానంగా పదార్థంలోని నీటిని వేడి చేస్తుంది. ఉల్లి ఉడుకుతుంది కానీ కరకరలాడదు. 'కన్వెక్షన్' సౌకర్యం ఉన్నదైతే ఆ పద్ధతిలో చేసుకోవచ్చు.

ఓవెన్‌లో కాల్చినది ఎంత తిన్నా పరవాలేదా? అలా అనుకోకూడదు. ఇందులోనూ మైదా ఉంది, బ్రెడ్డు ఉంది. పైగా పిండి పదార్థాలను అధిక వేడి మీద బాగా మాడ్చినప్పుడు అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పుడుతుందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. ఇది నూనెలో వేయించినా, ఓవెన్‌లో కాల్చినా వచ్చేదే. కాబట్టి బంగారు రంగు రాగానే తీసేయాలి.

రుచి పకోడీ లాగే ఉంటుందా? ఉండదు. ఉంటుందని చెబితే అబద్ధమవుతుంది. నూనెలో వేగిన శనగపిండి కమ్మదనం వేరు, దీని రుచి వేరు. దీనిని పకోడీకి నకలుగా కాక వేరే వంటకంగా తింటే బాగుంటుంది.

బిర్యానీ ఉల్లి కూడా

చక్రాలకు పనికొచ్చిన ఓవెన్ బిర్యానీ మీద చల్లే ఎర్రటి ఉల్లికి, అంటే బిరిస్తాకు కూడా పనికొస్తుంది. కిలో ఉల్లిని సన్నగా, ఒకే మందాన నిలువుగా కోసి, మూడు పెద్ద చెంచాల నూనె పట్టించి, రెండు పళ్లాల్లో పల్చగా పరచాలి. 160 డిగ్రీల వద్ద నలభై నిమిషాల నుంచి గంట దాకా పడుతుంది. పది నిమిషాలకోసారి కలపాలి, చివరి పది నిమిషాలు దగ్గరే ఉండి చూడాలి. ఎందుకంటే ఎరుపు నుంచి నలుపుకు మారడానికి రెండు మూడు నిమిషాలు చాలు. అనుకొన్న రంగు కంటే ఒక ఛాయ తక్కువగా ఉండగానే తీయాలి, బయట చల్లారేటప్పుడు మిగిలిన రంగు వస్తుంది. కిలో ఉల్లిలో నీరు పోతే మిగిలే పదార్థం 110 గ్రాములకు అటూ ఇటూ మాత్రమే కనుక కొంచెమే వచ్చిందని కంగారు పడవద్దు. ఉల్లి వేయించిన నూనెను బిర్యానీలో పోసే అలవాటున్నవాళ్లకు మాత్రం ఈ పద్ధతిలో ఆ నూనె దొరకదు.

ఓవెన్ లేని ఇంట్లో

ఓవెన్ అందరికీ ఉండదు, ఉండాలనీ లేదు. కుక్కర్‌లో ఉప్పు పోసి కేకులు చేసే పద్ధతి దీనికి పనికిరాదు. ఆవిరి లోపలే తిరిగి చక్రాలు మెత్తబడతాయి. అందుకు బదులు ఇదే పూత పట్టించిన చక్రాలను పెద్ద పెనం మీద రెండు మూడు చెంచాల నూనెతో సన్నని సెగ మీద రెండు వైపులా కాల్చుకోవచ్చు. ఓవెన్ అంత సమంగా కాలకపోయినా బాగానే ఉంటాయి, గిన్నెలో నూనె మిగలదు. వేయించుకోవాలనుకొన్న రోజున చిన్న లోతైన మూకుడులో కొద్ది నూనెతో వేయించుకొని, మిగిలిన దానిని ఒకటి రెండు రోజుల్లో తాలింపుల్లో వాడేస్తే మళ్లీ మళ్లీ కాచే అవసరం రాదు.

పదిహేను నిమిషాలు

మా ఇంట్లో పకోడీ పూర్తిగా పోలేదు. నెలలో రెండు మూడు సార్లు, చుట్టాలు వచ్చినప్పుడు కడాయి పొయ్యి ఎక్కుతుంది. మిగిలిన రోజుల్లో ఓవెనే. నల్లటి నూనె గిన్నె ఇప్పుడు అటక మీద ఉంది.

అన్నిటికంటే నేను గమనించిన మార్పు ఒకటి ఉంది. చక్రాలు తిప్పి రెండోసారి తలుపు మూశాక ఓవెన్ దగ్గర ఎవరూ నిలబడవలసిన పని లేదు. గంట కొట్టగానే తీసేందుకు మా అబ్బాయికి అప్పగించాం. ఆ మొదటి సాయంత్రం మా ఇంటావిడ వచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చొని, ఏం చేయాలో తోచనట్టు ఒక నిమిషం అటూ ఇటూ చూసింది. తర్వాత పైటకొంగు తల మీదికి లాక్కొని చేతులెత్తింది. పెళ్లయి ఇన్నేళ్లయినా ఇఫ్తార్ దుఆలో ఆమె నా పక్కన కూర్చోవడం నాకు అంతకుముందు గుర్తులేదు.

ఓవెన్ ఉన్నా లేకపోయినా, పొయ్యి మీద ఏది వండినా, ఇఫ్తార్‌కు పదిహేను నిమిషాల ముందే వంటింటి పని ముగిసేలా చూసుకోవడం ఇంట్లో ప్రతి ఒక్కరి బాధ్యత. ఒక వంటకం తగ్గినా పరవాలేదు. ఉల్లి కోయడం, గిన్నెలు కడగడం, చక్రాలు తిప్పడం మగపిల్లలు కూడా చేయగలిగిన పనులే. ఈ రంజాన్‌లో ఒక్క సాయంత్రం ఇలా చేసి చూడండి. దస్తర్‌ఖాన్ ముందు ఇంటిల్లిపాదీ కలిసి కూర్చొన్నప్పుడు, ఆ ఇంటి ఇల్లాలి చేతులు కూడా ఖాళీగా, దుఆ కోసం పైకెత్తి ఉండాలన్నదే మా విన్నపం.